నాలుగో అంతస్తు కిటికీ

2007 జూన్ 10, ఆదివారం

బొగ్గు బాయిలో షిఫ్టు రిపోర్టు రాసి రాసి అలవాటుపడ్డ చెయ్యి ఇది. రిటైరై నాలుగేళ్ళయినా ఊరుకోదు. పేపరు చదువుతూ వార్తల పక్కన మంత్రులకు జవాబులు రాస్తుంటే రెజీనా ఈ నోటుబుక్కు తెచ్చి ముందర పడేసింది. "గీన్ల రాసుకో. ఆ పేపర్లల్ల బజ్జీలు కట్టిస్తుంటె మంది చదివి నవ్వుతున్నరు" అంది. ముప్ఫై ఆరేళ్ళు నాతో కాపురం చేసి నా సాహిత్యాన్ని బజ్జీల దగ్గర ఆపిన మనిషి.

నిన్న ఘట్‌కేసర్ పోయి వచ్చాను. టోనీ తీసుకుపోయాడు. మా అక్క కొడుకు. రెండేళ్ళ కిందటిదాకా చిట్టీల వసూలుకు తిరిగేవాడు, ఇప్పుడు ఒక బిల్డరు దగ్గర అపార్టుమెంట్లు అమ్మిపెడుతున్నాడు. మెడలో గొలుసు పడింది. స్థలం స్టేషనుకు నడిచిపోయేంత దూరం. రామగుండంలో పొద్దుటి బండి ఎక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు అక్కడ దిగవచ్చు. సికింద్రాబాదు అక్కణ్ణుంచి అరగంట. పట్నం లోపల అయితే మాబోటి వాళ్ళకు బాత్రూం కూడా రాదు, ఇక్కడ ఇల్లే వస్తుంది. పేరు 'ఏలీము ఎన్‌క్లేవ్'. మోషే వెంట ఎడారిలో నడిచినవాళ్ళకు ఏలీము దగ్గర పన్నెండు ఊటలు, డెబ్బై ఈతచెట్లు దొరికాయట. ఇక్కడ ఒక బోరు ఉంది. మోటారు వస్తుందన్నారు.

మాది మొదటి అంతస్తు, మూలది. చూపెట్టడానికి ఒక ఫ్లాటు సింగారించి ఉంచారు, అదీ మొదటి అంతస్తులోనే. కిటికీలకు అద్దాలు, వంటింట్లో నల్లరాయి. మాతోపాటు కొంటానన్న రాములమ్మకు అనుకున్నది నాలుగో అంతస్తు. లిఫ్టుకు గుంత ఉంది, లిఫ్టు లేదు. మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు.

"మామా, ఏ అంతస్తు చూసినా ఒక్కటే. ఒక్క అచ్చుల పోసినయే. పా, బిర్యానీ సల్లారుతది" అన్నాడు టోనీ.

అదీ నిజమే. అచ్చు ఒకటైనప్పుడు ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.

బిర్యానీ బాగుంది.

జూన్ 11

పొద్దున్నే రాములమ్మ వచ్చింది. కొమురెల్లి భార్య. కొమురెల్లి ఇరవై ఏళ్ళు నా షిఫ్టులో బొగ్గు ఎత్తినవాడు. పోయిన ఏడు డ్యూటీకి పోతూ సైకిలు మీదే గుండె ఆగి పోయాడు. ఆమె ఇప్పుడు కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బిడ్డ సారిక సికింద్రాబాదు దవాఖానలో నర్సు, హాస్టల్లో ఉంటుంది. ఒక గూడు కొనుక్కుంటే తల్లీబిడ్డలు ఒకచోట ఉంటారు. కొమురెల్లి పేరు మీద వచ్చిందంతా ఈ ఇంటికే.

"చూసినవా అన్నా?"

"చూసిన చెల్లె."

"నాలుగోదే?"

"నాలుగోదే."

"కిటికీ ఎటు దిక్కున్నది?"

తూర్పు అన్నాను. అక్కడితో ఆగవచ్చు. నాకు ఆగడం ఎప్పుడు వచ్చింది గనుక. వంటింట్లో పొద్దుటి ఎండ పడుతుందన్నాను. రైలు పట్టాలు కనిపిస్తాయన్నాను. "సారిక బండి దిగుతున్నదా లేదా పొయ్యి కాణ్నుంచే చూసుకోవచ్చు. దిగిందంటె అప్పుడు బియ్యం కడుగు, ఇంటికొచ్చేవరకు అన్నం అయితది" అన్నాను.

రాములమ్మ నవ్వింది. కొమురెల్లి పోయాక ఆమె నవ్వడం నేను చూడలేదు. అంత నవ్వు నవ్వించి, 'అది నేను చూడలేదమ్మా' అని ఎవడు అంటాడు?

"సర్దార్ చూసిండంటె నేను చూసినట్టే. మా ఆయన నీ సుద్దగీత కిందనే పనిచేసె గదా" అని వెళ్ళింది.

సర్దార్ అంటే పగ్గం పట్టుకున్న దొర అనుకుంటారు బయటివాళ్ళు. షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి పోయి, బొగ్గు తీసే చోట కర్రతో కప్పు తట్టి వినేవాడే సర్దార్. బండ కంగుమంటే గట్టిది. బోలుగా పలికితే కూలేది. గట్టిదైతే సుద్దముక్కతో తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాలి. ఆ గీత కనిపించేదాకా ఒక్కడూ లోపలికి రాడు. కనిపించాక ఒక్కడూ తలెత్తి కప్పు వంక చూడడు. ముప్ఫై ఏళ్ళలో తట్టకుండా నేను గీత పెట్టిన రోజు లేదు.

జూన్ 14

రాములమ్మ సగం పైకం కట్టింది. "నీ నోట్ల చక్కెర పొయ్య మామా" అన్నాడు టోనీ.

జూలై 1

మొత్తం ఆరుగురయ్యారు మావాళ్ళు. 'సర్దార్ చూసి వచ్చాడు' అంటే చాలు, కాగితం కూడా అడగలేదు. నలుగురు బ్యాంకు లోను మీద తీసుకుంటున్నారు, వాళ్ళకు కింది అంతస్తులు ఇచ్చాడు టోనీ. రాములమ్మకు నాలుగు, ఎల్లన్నకు ఐదు. వీళ్ళిద్దరికి లోను అక్కర్లేదు. ఎల్లన్న నాతోపాటు బాయిలో చేరినవాడు, బొగ్గు టబ్బులు తోసి తోసి భుజం ఒకటి కిందికి దిగింది. ఐదో అంతస్తు ఎందుకురా అంటే, "నలభై ఏండ్లు భూమి లోపల ఉంటిని, ఇగ మీద ఉంట" అన్నాడు. మంచి మాట. దీన్ని ఎక్కడైనా వాడాలి.

ఆరుగురిని చేర్పించానని మా మూల ఫ్లాటు బిల్డరు తనకు పడిన ధరకే ఇస్తున్నాడట. ఇది కమీషను కాదు. కమీషను అయితే చేతికి ఇస్తారు.

జూలై 8

కిటికీ కొలత కావాలంది రాములమ్మ, తెర కుట్టించుకుంటుందట. నాలుగు అడుగులు, మూడున్నర అన్నాను.

కింది ఫ్లాటులో కిటికీ దాదాపు అంతే ఉండింది.

జూలై 22, ఆదివారం

జ్యోతినగర్ నుంచి సుబ్రహ్మణ్యం గారు వచ్చారు. కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, గోదావరి జిల్లా. మా ఇద్దరికీ పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే స్నేహం. నేను చదివిన బడి అంతా అద్దె పుస్తకాల కొట్టు. ఆయన కాలేజీ చదువు. అయినా ఎన్నడూ తక్కువ చెయ్యలేదు. ఏలీములో తనూ ఒకటి కొనుక్కుందామనుకుని, ఆ ఊరి పంచాయతీ అనుమతి నకలు తెప్పించుకున్నారట.

"ఏమండీ సామ్యేల్ గారూ, ఎన్నో అంతస్తండీ మీది?"

"మొదటిది సార్."

"అయితే ఫర్వాలేదు. అనుమతి కింద ఒకటి, పైన రెండు. అంతే. మూడు, నాలుగు, అయిదు కాగితం మీద లేవండీ. లోను తీసుకుంటే బ్యాంకు లాయరు కాగితాలు చూస్తాడు గదా, అందుకని వాళ్ళకి కింద అమ్ముతున్నారు. చేతిలో డబ్బున్న అమాయకులకి పైన. రేపు కట్టినా రిజిస్ట్రేషన్ అవ్వదు, ఎవరైనా వచ్చి పడగొట్టినా అడిగే దిక్కు లేదు. మీరు మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు."

నిశ్చింతగానే ఉన్నాను. ఆయన పోయాక అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

జూలై 23

నిన్న రాసింది ఇవాళ చదివాను. రెండోసారి అన్నం పెట్టించుకున్నానని నా చేత్తో నేనే రాశాను.

జూలై 24

రాములమ్మకు చెప్పాలి. రేపు.

జూలై 26

రాములమ్మ క్వార్టరు ముందు నుంచి కాకుండా మార్కెట్టు చుట్టూ తిరిగి వచ్చాను. నడక ఒంటికి మంచిది.

జూలై 30

టోనీని అడిగాను. "మామా, పట్నంల సగం ఇండ్లు గట్లనే ఉన్నయ్. ఫైను కడితె ప్రభుత్వమే కాగితం ఇస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు, ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. మొదటి మాట నిజమైతే చివరి మాట ఎందుకన్నట్టు?

ముప్ఫై ఏళ్ళలో తట్టకుండా గీత పెట్టిన రోజు లేదని పైన ఎక్కడో రాశాను. ఒకటి ఉంది. ఎనభై ఆరు, జాతర రోజులు. చేతి మండలో నొప్పిగా ఉందని నాకు నేనే చెప్పుకుని, పై దారిలో కూర్చుని రిపోర్టు రాశాను. తర్వాత పోయి, కప్పు తట్టకుండానే ముందురోజు గీత పక్కన కొత్త తేదీ వేసి వచ్చాను. ఏమీ కాలేదు. కప్పు ఏమాత్రం కదల్లేదు. పదకొండు మంది కింద కూర్చుని అన్నం తిని లేచి వచ్చారు. వాళ్ళలో కొమురెల్లి ఉన్నాడు.

ఏమీ కాకపోవడం మనిషికి ఎంత నేర్పిస్తుందో.

ఆగస్టు 6

ఇవాళ రాములమ్మ మిగిలిన పైకం కట్టింది. టోనీ ఆమె క్వార్టరుకే వచ్చాడు. "అన్న ఉంటె నాకు ధైర్యం" అని నన్ను పిలిపించింది.

నేను ఉన్నాను. కుర్చీ వేసింది. కుర్చీలో కూర్చున్నాను. చాయ్ ఇచ్చింది. చాయ్ తాగాను. టోనీ నా వైపు చూడలేదు, నేను వాడి వైపు చూడలేదు. గోడకు కొమురెల్లి ఫోటో ఉంది. దానికి కొత్త దండ వేసింది.

"ఇగ అయిపోయింది గదా అన్నా?" అంది.

"అయిపోయింది చెల్లె" అన్నాను.

ఆగస్టు 14

రేపు సెలవు దినం కాబట్టి బండి ఖాళీగా ఉంటుందని, పోయి తెర కట్టి చూసి వస్తానంటోంది రాములమ్మ. వానలు అన్నాను. "ఇంట్లకు పోతె వానేం జేస్తది?" అంది. పని ఇంకా కాలేదేమో అన్నాను. "నువ్వు చూసినప్పుడే ఎండ పడుతుండె గదా వంటింట్ల?" అంది. వెక్కిరింపు కాదు. ఆమెకు వెక్కిరింపు రాదు. నేను చెప్పినవన్నీ ఒక్కటీ పోకుండా దాచుకుంది, అంతే.

వెంట నేనూ పోతున్నాను.

ఆగస్టు 16

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

బండిలో ఆమె పక్కన కూర్చున్న ముసలమ్మకు తన ఇల్లు చూపెట్టింది, మాటలతో. పొయ్యి ఎక్కడ, కిటికీ ఎక్కడ, బియ్యం ఎప్పుడు కడగాలి. అన్నీ నా వాక్యాలే. నాకంటే బాగా చెప్పింది.

ఏలీము దగ్గర కావలివాడు ఒక్కడే ఉన్నాడు. "మీదికి ఏం లేదమ్మా, జారుతది, పోకుండ్రి" అన్నాడు. "నా ఇల్లు బిడ్డా" అని ఆమె మెట్లెక్కింది. నేను వెనకాల. రెండో అంతస్తుకు గోడలు ఉన్నాయి. మూడోదానికి స్తంభాలు, పైన కప్పు మాత్రమే. మెట్లు ఆ కప్పు మీదికి తీసుకుపోయి అక్కడ ఆగిపోయాయి. నేను చేరేసరికి ఆమె నడుమ నిలబడి ఉంది. చుట్టూ ఇనుప చువ్వలు, వాన నీళ్ళు, పైన మబ్బు.

"అన్నా, నాలుగోదానికి మెట్లు ఎటున్నయ్?"

ఊపిరి అందక కూర్చున్నాను. ఊపిరి అందాక కూడా కాసేపు అందనట్టే కూర్చున్నాను.

ఆమె సంచిలోంచి తెర తీసింది. ఆకుపచ్చ గుడ్డ, అంచుకు తెల్ల లేసు. "తూర్పు ఎటు?" అంది. చూపెట్టాను. అటు పోయి రెండు చువ్వల నడుమ తెర పట్టుకుని చూసింది. అప్పుడే ఒక బండి పోయింది. పట్టాలు కనిపించాయి. నేను చెప్పినవాటిలో అదొక్కటి నిజమైంది, అదీ గోడ లేనందువల్ల.

"నేను ఎక్కలే చెల్లె" అన్నాను.

"ఏడికి?"

"ఈడికి. ఆ రోజు కిందనే తిరిగి, తిని, వచ్చిన."

తెర దించింది. నేను మిగతాదీ చెప్పాను. అనుమతి రెండు అంతస్తులకే అని చెప్పాను.

"గిది నీకెప్పుడు ఎరుక?"

"జూలైల."

వేళ్ళ మీద నెల లెక్కపెట్టుకుంది. "నేను పైసలు కట్టిన్నాడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"కుర్చీల కూసున్నవ్ గదనే నువ్వు." అరవలేదు. ఏదో సామాను ఎక్కడ పెట్టానో గుర్తుచేసుకుంటున్నట్టు అంది. తర్వాత తెరను నాలుగు మడతలు పెట్టింది, ఇంకో నాలుగు పెట్టింది, పిడికిట్లోకి వచ్చేదాకా. "బాయిల గీతలన్న చూసి పెట్టినవా అన్నా?"

"చూసే పెట్టిన" అన్నాను.

ఒక్కటి తప్ప. అది నోట్లోంచి రాలేదు. అంత చెప్పినవాణ్ణి అదొక్కటి చెప్పలేకపోయాను.

వచ్చేటప్పుడు ఆమె ఆడవాళ్ళ డబ్బాలో ఎక్కింది.

ఆగస్టు 17

రెజీనాకు అంతా చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"నాకు జూన్ల నుంచే ఎరుక" అంది.

"ఎట్ల?"

"నాలుగంతస్తులు ఎక్కి దిగినోనివి, ఇంటికొచ్చి నొప్పుల నూనె అడగకుంట పండుకుంటవా? బాత్రూం పీట ఎక్కితెనే అడుగుతవ్."

"మరి ఎందుకు అడగలే నన్ను?"

రాయి ఒకటి తీసి అవతల పారేసింది. "నాకు గూడ ఇల్లు కావాలనుండె" అంది.

చేట పక్కకు పెట్టింది. తర్వాత ఆమే అంది, "మనది ఆమెకు ఇయ్యి. జల్ది ఇయ్యి. రెండు దినాలైతె నాకు మనసొప్పదు."

ఆగస్టు 18

టోనీ గొలుసు పట్టుకుని మెలితిప్పుతూ, "మామా, పాగల్ అయినవా" అని నాలుగుసార్లు అన్నాడు. పేర్లు మార్పించాడు. మొదటి అంతస్తు మూలది రాములమ్మకు. నాలుగో అంతస్తు ఇప్పుడు మాది. తూర్పు కిటికీ.

కాగితం తీసుకుపోయి ఇచ్చాను. రాములమ్మ గుమ్మంలోనే నిలబడి తీసుకుంది. "సారిక చదివి చెప్తది" అంది. సారిక చదివి చెప్పాలి. నేను చదివి చెప్తే చాలదు. కుర్చీ వెయ్యలేదు.

ఆగస్టు 19, ఆదివారం

ఇక ఎల్లన్న. ఐదో అంతస్తు. సగం కట్టాడు, మిగిలిన సగం గురువారం.

సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర మా రిటైరు మంద అంతా ఉంది. ఎల్లన్న కూడా. అక్కడే, అందరి ముందు చెప్పేద్దామని పోయాను. దేవుని సాక్షిగా అందుకే పోయాను. "ఒక సంగతి చెప్పాలె" అన్నాను. "చెప్పు చెప్పు, సర్దార్ కత మొదలువెట్టిండు" అని బెంచీలు దగ్గరికి జరుపుకున్నారు.

మొదలుపెట్టాను. "ఒక సర్దార్ ఉండె" అని మొదలుపెట్టాను. ఎందుకు అట్లా వచ్చిందో తెలియదు. ఆ సర్దార్ ఇల్లు చూడను పోయి బిర్యానీ చూసి వచ్చాడు. లేని కిటికీకి కొలతలు ఇచ్చాడు. వాళ్ళు నవ్వుతుంటే బిర్యానీలో రెండో ముక్క, మూడో ముక్క కలిపాను. కావలివాడి నోట ఉర్దూ పెట్టాను. ఆకాశానికి తెర కట్టబోయిన ఆడమనిషిని తెచ్చాను. ఆమెను కూడా తెచ్చాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఎల్లన్న దగ్గు వచ్చేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఆనికి సిగ్గు లేదుర సర్దారూ? అసొంటోన్ని ఏం జేసిండ్రు?" అన్నాడు.

"ఏం చెయ్యలే ఇంకా" అన్నాను.

నా చాయ్‌కి ఎల్లన్నే పైసలు ఇచ్చాడు.

ఆగస్టు 20

ఈసారి ఇంటికే పోయాను. ఎల్లన్న అరుగు మీద ఉన్నాడు, భార్య పూలమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. కూర్చోమన్నారు. కూర్చుంటే మళ్ళీ కథ అవుతుందని నిలబడే చెప్పాను.

"ఎల్లన్నా, నిన్న చెప్పిన సర్దార్ నేనే. నీ ఐదో అంతస్తు లేదు. పర్మిషన్ లేదు. నేను ఎక్కి చూడలే. జూలై నుంచి నాకు ఎరుక. మిమ్ముల చేర్పిచ్చినందుకు నాకు నా ఇల్లు అగ్గువకు ఇచ్చిండ్రు."

నవ్వుతాడేమోనని భయపడ్డాను. నవ్వలేదు. పూలమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది.

"మరి ఆ తెర పట్టుకున్నామె?" అన్నాడు ఎల్లన్న.

"రాములమ్మ."

"ఆమెకేం జేసినవ్?"

"నా ఇల్లు ఆమెకు రాసిచ్చిన."

ఆలోచించాడు. దిగిన భుజం ఇంకా దిగినట్టు కనిపించింది. "ఆమెకెందుకిచ్చినవ్? నాకెందుకియ్యలే? నేను నీతోని చేరినోన్ని గదరా."

జవాబులు చాలా వచ్చాయి. ఆమె మొగుడు లేని మనిషి. ఆమెకు క్వార్టరు పోతుంది, నీకు తమ్ముని ఇల్లు ఉంది. ఆమె మొత్తం కట్టింది, నువ్వు సగమే. అన్నీ మంచి జవాబులే. వింటే ఎవరైనా తల ఊపుతారు.

"ఆమె ఎక్కి చూసింది" అన్నాను.

"అంటె నేను ఎక్కి చూస్తె నాకు ఇచ్చేటోనివి."

"అవును."

"ఎవ్వలు చూడకపోతె ఎవ్వలకూ ఇయ్యకపోదువు."

"అవును ఎల్లన్నా."

అరుగు మీంచి దిగి లోపలికి పోయాడు. బయటికి వస్తాడేమోనని నిలబడ్డాను. లోపల్నుంచే మాట వచ్చింది. "గురువారం నీ అల్లుడు మిగిలిన పైసలకు వస్తడు. నువ్వు ఈడ ఉండాలె. వాని మొఖం మీద, ఇప్పుడు చెప్పినట్టే చెప్పాలె. నేను కట్టిన సగం వాడు ఎట్ల తెచ్చిస్తడో నీ ముందలనే చెప్పాలె. కతలు వద్దు."

"వస్త" అన్నాను. "గురువారం తప్పకుంట వస్త. నా మాట."

పూలమ్మ లేచింది. చిక్కుడు గంప పక్కకు పెట్టి నా వైపు చూసింది.

"మా తమ్మున్ని పంపుత అన్నా, నిన్ను తోలుకరానీకి" అంది.

పంపమన్నాను.